పార్కులో నలుగురూ కలిసి సూర్యనమస్కారాలు మొదలుపెట్టాలంటే?

పరగడుపునే రండి, భోజనం చేసి ఉంటే 3-4 గంటల ఎడం ఉండాలి. మంచుకు తడిసిన గడ్డి మీద మ్యాట్ జారుతుంది, కింద జంపఖానా పరవండి. 12 భంగిమలు కుడికాలితో ఒకసారి, ఎడమకాలితో ఒకసారి చేస్తే ఒక జత. మొదటి వారం మూడు జతలు చాలు. రథసప్తమికి 108 చేస్తారు కదా అని తొలిరోజే ఎగబడితే మణికట్లు పట్టేస్తాయి.

వెనక్కి వంగేటప్పుడు ఊపిరి తీసుకోవాలి, ముందుకు వంగేటప్పుడు వదలాలి. గుంపులో తప్పేది ఇక్కడే: పక్కవాళ్ల వేగం అందుకోబోయి ఊపిరి బిగబట్టేస్తారు. అందుకే లెక్క చెప్పే పని అందరికంటే నెమ్మదిగా చేసేవాళ్లకివ్వండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు సిమెంటు బెంచీ పట్టుకుని చేసినా తప్పేం లేదు.

చివర్లో శవాసనం 5 నిమిషాలు. ఫోన్లో సంగీతం వద్దు, గోరింకల గోల చాలు.