టెక్ సందేహాలు: కొంగలకీ రేసు బైకులకీ ఒకే లెన్స్ సరిపోద్దా?

ప్రశ్న: అన్నా, మాది టెక్కలి. నా దగ్గర కెనాన్ ఆర్10, దాంతో వచ్చిన 18-150 లెన్స్ ఉన్నాయి. సలికాలం తేలినీలాపురం ఎల్లి పక్షుల్ని తీస్తాను, ఏడాదికోసారి ఫ్రెండ్స్‌తో చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో బైక్ రేసులకి ఎల్తాను. రెండింటికీ పనికొచ్చే లెన్స్ ఒక్కటే కొనగలను. ఆర్ఎఫ్ 100-400 తీసుకోమంటావా, సెకండ్ హ్యాండ్‌లో 150-600 చూడమంటావా, లేపోతే డబ్బులు కూడబెట్టి 200-800 కొనమంటావా?

తమ్ముడూ, 100-400 తీసేసుకో. అందరూ "ఎన్ని ఎంఎం ఉంటే అంత మంచిది" అంటారు గానీ నీ కేసులో చూడాల్సింది లెన్స్ పేరులోని పెద్ద నంబర్ (ఎంత దూరాన్ని దగ్గరకి లాగుతుందో) కాదు, చిన్న నంబర్ (ఎంత వెడల్పుగా తీయగలదో). ఆర్10లో ఫొటో పట్టే చిప్పు, అదే సెన్సార్, చిన్నది కాబట్టి 400 పెడితే పెద్ద సెన్సార్ కెమెరాలో 640లా కనిపిస్తుంది, అంటే 60 మీటర్ల దూరంలో ఫ్రేమ్ ఎత్తు సుమారు రెండుంపావు మీటర్లు, అక్కడ మీటరు ఎత్తుండే పెయింటెడ్ స్టార్క్ కొంగ నిలబడితే ఫ్రేమ్‌లో సగానికి కొంచెం తక్కువ వస్తుంది, 24 మెగాపిక్సెల్ ఉంది కదా, క్రాప్ చేసుకుంటే చాలు. పైగా తేలినీలాపురంలో పెలికాన్లూ స్టార్కులూ ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి, మరీ దూరమేం కాదు. అదే 600 పెడితే మూడింట రెండొంతులు నిండుతుంది, బాగుంటుంది, కాదనను.

కానీ అదే 600తో ట్రాక్ దగ్గరకెళ్లు, బైకు 50 మీటర్లలో ఉంటే ఫ్రేమ్ వెడల్పు రెండు మీటర్లు కూడా ఉండదు, ముందు చక్రమో వెనక చక్రమో తెగిపోద్ది. జూమ్ తగ్గించొచ్చులే, కానీ 200-800 అయితే 200 కంటే కిందకి రాదు, మలుపు దగ్గర బండి 20 మీటర్లకొచ్చేసరికి ఫ్రేమ్ వెడల్పు రెండుంపావు మీటర్లు, బండి ఒక్కటీ ఇరుకిరుగ్గా పడుతుంది, పక్కనోడితో పోటీ పడుతున్న ఫొటో రానే రాదు. 100 దగ్గర అదే దూరంలో నాలుగున్నర మీటర్లు దొరుకుతుంది.

"ఎఫ్/8 లెన్స్ చీకటి కదా" అంటావేమో, ఎఫ్ నంబర్ పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది, ఈ లెన్స్ 400 దగ్గర ఎఫ్/8 మరి. రేసులకి అసలు పట్టించుకోకు. బైకుని సెకనులో రెండు వేలో వంతు (1/2000) షట్టర్ స్పీడ్‌తో తీస్తే చక్రాలు ఆగిపోయి స్టాండ్ వేసి పెట్టిన బండిలా ఉంటుంది, అందుకే 1/125 నుంచి 1/250 మధ్య పెట్టి బండితో పాటు కెమెరా తిప్పుతూ తీస్తారు, అప్పుడు నిండు ఎండలో ఐఎస్ఓ (వెలుతురుని ఎంత పెంచి చూపించాలో చెప్పే సెట్టింగ్) 100 దగ్గర ఎఫ్/11, ఎఫ్/16 ఎలాగూ వచ్చేస్తుంది. లక్షలు పోసి ఎఫ్/2.8 కొన్నోడు కూడా అక్కడ ఎఫ్/16లోనే ఉంటాడు.

ఇబ్బంది పక్షుల దగ్గరే. తెల్లారగట్ల ఎగిరే పెలికాన్‌కి 1/2000 కావాలి, ఎఫ్/8లో ఐఎస్ఓ 6400కి వెళ్లిపోద్ది, గ్రెయిన్ వస్తుంది. 150-600 అయితే ఎఫ్/6.3, అంటే ఐఎస్ఓ 4000 చుట్టూ ఉంటుంది, తేడా అంతే. ఆ తేడా కోసం 635 గ్రాములకి బదులు, పాత డీఎస్ఎల్ఆర్ లెన్స్‌ని ఆర్10కి తగిలించే అడాప్టర్‌తో కలిపి రెండు కిలోలు మోస్తావా? ఆర్10 బాడీలో స్టెబిలైజేషన్ లేదు, కాబట్టి లెన్స్‌లో స్విచ్ ఆన్‌లో ఉంచు. అది నీ చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ పక్షి రెక్కని ఆపదు. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టి 1.4 రెట్లు జూమ్ పెంచే ఎక్స్‌టెండర్ జోలికెళ్లకు, ఎఫ్/11 అయిపోద్ది.

నౌపడ ఉప్పు మళ్లల్లో దూరంగా తిరిగే చిన్న ఉల్లంకి పిట్టలే నీ పిచ్చి అయితే మాత్రం మాట వేరు, 600 కావాల్సిందే. అప్పుడు కూడా వైజాగ్‌లో వారాంతానికి అద్దెకి తెచ్చి చూడు ముందు. ఎండెక్కాక ఉప్పు మళ్ల మీద గాలి ఆవిరిలా ఆడుతుంది చూడు, దానికి ఏ లెన్సూ మందు కాదు, పొద్దున్నే ముగించేయాలి.

ప్రశ్న: విజయనగరం నుంచి. నా ఫోన్లో 100ఎక్స్ జూమ్ ఉంది, మళ్లీ కెమెరా ఎందుకండీ?

ఫోన్లో అసలు టెలి (దూరం తీసే) లెన్స్ సాధారణంగా 5ఎక్స్ అండీ, కెమెరా లెక్కలో 120 ఎంఎం దగ్గర, ఆ పైనంతా క్రాప్ చేసి సాఫ్ట్‌వేర్ దిద్దేదే. చెట్టు మీద కదలకుండా కూర్చున్న కొంగ వాట్సాప్‌కి బాగానే వస్తుంది, ఎగిరేది రాదు. పక్షుల్ని చూడ్డమే సరదా అయితే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించే 8x42 బైనాక్యులర్ కొనుక్కోండి, దాని ముందు ఈ జూమ్ దిగదుడుపే.

ప్రశ్న: భావనపాడు దగ్గర ఉంటాం. పాత లెన్స్‌లో సాలెగూడులా ఏదో కనిపిస్తోంది.

అది ఫంగస్. సముద్రపు తేమకి తోలు కేసుల్లో బీరువాలో పెట్టేవాటికి ఎక్కువ పడుతుంది. వేరే లెన్సులకి దూరంగా పెట్టి సర్వీసుకి ఇవ్వండి, అద్దం మీది కోటింగ్ వరకూ తినేసి ఉంటే తుడిచినా మచ్చ మిగిలిపోద్ది. మిగతావాటిని రబ్బరు అంచున్న గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమ మీటర్ పెట్టి 40-50 శాతం మధ్య ఉంచండి. టెక్కలి తమ్ముడు కూడా సెకండ్ హ్యాండ్ వైపే మొగ్గితే వెనక నుంచి ఫోన్ టార్చ్ కొట్టి లోపల చూశాకే డబ్బులివ్వాలి.