జర్మనీ పోలీసులో పై పదవికి ఎలా వెళ్తారు? మన ఐపీఎస్ లాంటిది ఉందా?

ఐపీఎస్ లాగా దేశమంతటికీ ఒకే పరీక్ష లేదండీ. అక్కడ పోలీసు ప్రధానంగా రాష్ట్రాల చేతిలో ఉంటుంది. 16 రాష్ట్రాలకీ వేర్వేరు పోలీసు శాఖలు. కింది నుంచి వచ్చినవాళ్లు పై శ్రేణికి వెళ్లాలంటే సాధారణంగా మ్యూన్‌స్టర్‌లోని పోలీసు విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చేస్తారు. కేంద్ర నేర పరిశోధన సంస్థ బీకేఏకి 2014 డిసెంబరులో అధ్యక్షుడైన హోల్గర్ మ్యూన్ష్ 1978లో బ్రెమెన్ పోలీసులో చేరి ఒక్కో మెట్టూ ఎక్కినవారే. లా చదివి వచ్చే దారి కూడా ఉంది. 1970ల్లో బీకేఏని నడిపిన హోర్స్ట్ హెరోల్డ్ అలాగే వచ్చారు.

ఆయన గురించి నాకు తెలిసింది కరెంటు బిల్లు వల్ల. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్తగా ఇల్లు తీసుకున్నప్పుడు నాకింకా బ్యాంకు ఖాతా రాలేదు. బిల్లు నగదుగా కట్టొచ్చా అని కింది వాటాలో ఉండే పెద్దాయన్ని అడిగాను. "ఒకప్పుడు ఈ ఊళ్లో అలా కట్టినవాళ్ల పేర్లన్నీ పోలీసు కంప్యూటర్‌లోకి వెళ్లాయి" అన్నారు. నా ఉద్యోగం డేటాబేస్‌ల మీదే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, కూర్చుని చదివాను.

హెరోల్డ్ న్యూరెంబర్గ్‌లో ప్రాసిక్యూటర్‌గా, జడ్జిగా పనిచేసి, 1967లో ఆ ఊరి పోలీసు అధిపతి అయ్యారు. ఏ వీధిలో, ఏ వేళలో నేరాలు ఎక్కువో లెక్కతీసి గస్తీని అటు పంపేవారు. 1971లో బీకేఏ పగ్గాలు అందుకుని, మరుసటి ఏడాదే దేశంలోని పోలీసులందరినీ కలిపే ఇన్‌పోల్ కంప్యూటర్ వ్యవస్థను మొదలుపెట్టారు. రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ అనే అతివాద వామపక్ష ముఠా ఉగ్రవాదులు దొంగపేర్లతో ఇళ్లు తీసుకుని కరెంటుకి నగదు కడతారని ఊహించి, 1979లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అలా కట్టేవాళ్ల జాబితా తీయించారు. అసలు పేర్లతో నమోదైనవాళ్లని ఒక్కొక్కరినీ తీసేస్తూ పోతే చివరికి రెండు పేర్లు మిగిలాయట. అందులో ఒకడు ఆ ముఠాకి చెందిన రోల్ఫ్ హైస్లర్. దొరికాడు.

నన్ను కలచివేసేది మాత్రం అంతకు రెండేళ్ల ముందు జరిగింది. 1977 సెప్టెంబరు 5న పారిశ్రామికవేత్తల సంఘాల నాయకుడు హన్స్ మార్టిన్ ష్లేయర్‌ని అదే ముఠా కొలోన్‌లో ఎత్తుకుపోయింది. దగ్గర్లోని ఎర్ఫ్ట్‌స్టాట్ లిబ్లార్‌లో ఒక ఫ్లాట్‌కి అడ్వాన్సు నగదుగా ఇచ్చారని, అనుమానంగా ఉందని స్థానిక పోలీసు కొద్ది రోజుల్లోనే పైకి రాసి పంపాడు. ష్లేయర్ నిజంగా అక్కడే ఉన్నారు. ఆ టెలిప్రింటర్ సందేశం మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. అక్టోబరు 19న ఫ్రాన్స్‌లోని మ్యులూజ్‌లో కారు డిక్కీలో ఆయన శవం దొరికింది. అంత పెద్ద వ్యవస్థ కట్టిన మనిషికి, ఒక్క కాగితం చేరలేదు. డేటా పని చేసేవాడిగా నేను దీన్ని మరచిపోలేను.

పౌరుల సమాచారం ఇంతగా పోగేయడం తగదని విమర్శలు పెరిగాయి, హెరోల్డ్‌కి హోంమంత్రి గెర్హార్ట్ బౌమ్‌తో పొసగలేదు. 1981లో హెరోల్డ్ ఆరోగ్య కారణాలతో పదవీ విరమణ చేశారు. ప్రాణభయం ఉండటంతో రోజెన్‌హైమ్‌లో సరిహద్దు పోలీసుల బ్యారక్స్ ఆవరణలోనే ఇల్లు కట్టుకుని దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోయారు. 2018లో, 95 ఏళ్ల వయసులో చనిపోయారు.