సెకండ్‌హ్యాండ్ కారుకి కంపెనీ రీకాల్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: విజయనగరంలో 2019 మోడల్ కారు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నారు. మీ మెకానిక్ "ఈ మోడల్‌కి కంపెనీవాళ్లు రీకాల్ ఇచ్చినట్టున్నారు" అన్నాడు. మీకు మాత్రం ఉత్తరం గానీ మెసేజ్ గానీ రాలేదు. నిజంగా రీకాల్ ఉందో లేదో చూసుకోవడం ఎలా, కంపెనీ రిపేరు సమాచారం మనలాంటివాళ్లకి దొరుకుతుందా అని అడిగారు.

రీకాల్ అంటే తయారీలో లోపం బయటపడినప్పుడు కంపెనీ ఆ బండ్లని వెనక్కి పిలిచి సరిచేసి ఇవ్వడం. ఉత్తరం రాలేదు కాబట్టి రీకాల్ లేదనుకోకండి. రీకాల్ ఉండేది బండి చాసిస్ నంబరు (ఒక్కో బండికి విడిగా ఉండే గుర్తింపు నంబరు) మీద, ఓనరు పేరు మీద కాదు. కంపెనీ దగ్గర ఉండేది షోరూంలో మొదట కొన్నవాళ్ల అడ్రసు, ఫోన్ నంబరు. ఆర్టీవో ఆఫీసులో ఆర్‌సీ మీ పేరు మీదకి మారినా కంపెనీ రికార్డు దానంతటది మారదు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సెకండ్‌హ్యాండ్ బండ్లు చాలావరకు విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చినవే. వాటి ఉత్తరాలు ఇప్పటికీ ఆ పాత ఇళ్లకే పోతుంటాయి.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నేను నరసన్నపేట దగ్గర స్కూల్లో పనిచేస్తాను. 2022లో విశాఖలో ఒకాయన దగ్గర కారు కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, ఇక్కడ దానితో పని లేదు. కొన్న ఆరు నెలలకి ఒకరోజు శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో మలుపు తిప్పుతుంటే స్టీరింగ్ ఉన్నట్టుండి రాయిలా బిగుసుకుంది. డాష్‌బోర్డులో పసుపు రంగు స్టీరింగ్ బొమ్మ, పక్కనే ఆశ్చర్యార్థకం గుర్తు వెలిగాయి. వెనక సీట్లో మా అమ్మాయి ఉంది. రెండు చేతులూ బిగించి ఎలాగో పక్కకి లాగి ఆపాను. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే మామూలుగా తిరిగింది.

మా మెకానిక్ చూసి "బ్యాటరీ వీక్ అయిపోనాది మాస్టారూ, కరెంటు చాలక స్టీరింగ్ మోటారు ఆగిపోతంది" అన్నాడు. అందులో తప్పేమీ లేదు, బ్యాటరీ బలహీనపడితే ఎలక్ట్రిక్ స్టీరింగ్‌కి అలా కావచ్చు. 4,800 పెట్టి కొత్త బ్యాటరీ వేయించాను. నెల రోజులు బాగానే ఉంది. తర్వాత మడపాం టోల్‌గేట్ దాటాక మళ్లీ అదే జరిగింది. ఈసారి పెద్ద గ్యారేజీకి తీసుకెళ్తే స్టీరింగ్ సెట్టు మొత్తం మార్చాలి, 38 వేలు అన్నారు. డబ్బు సర్దుకుంటున్న రోజుల్లోనే మా స్కూల్లో లెక్కల మాస్టారు "చాసిస్ నంబరు కొట్టి రీకాల్ చూశారా?" అని అడిగారు. అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు నాకు.

చూశాను, వివరాలు లేవని వచ్చింది. అయితే ఏమీ లేదన్నమాట అనుకుని ఊరుకున్నాను. పొరపాటు ఎక్కడంటే, ఆర్‌సీ మీద ప్రింటు చెరిగిపోయి ఉంది, సున్నాని నేను ఇంగ్లీషు 'ఓ' అక్షరం అనుకుని కొట్టాను. చాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. వాటిలో ఐ, ఓ, క్యూ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు వాడరు, సరిగ్గా ఈ గందరగోళం రాకూడదనే. గుండ్రంగా ఉంటే అది సున్నాయే, నిలువు గీత ఉంటే అది ఒకటే. ఎనిమిదికీ 'బి'కీ, అయిదుకీ 'ఎస్'కీ మాత్రం తేడా జాగ్రత్తగా చూసుకోవాలి.

కాబట్టి నంబరు బండి మీదనుంచే తీసుకోండి. మోడల్‌ని బట్టి డ్రైవర్ పక్క సీటు కింద కార్పెట్ ఎత్తితే గానీ, బోనెట్ తీస్తే ఇంజను వెనక రేకు మీద గానీ చెక్కి ఉంటుంది. నా బండికి సీటు కిందే. దుమ్ము, తుప్పు పట్టి ఏమీ కనబడలేదు. పొడి గుడ్డతో తుడిచి, జేబులో ఉన్న సుద్దముక్కని అడ్డంగా రుద్ది, పైపైన మళ్లీ తుడిచాను. గాట్లలో సుద్ద నిలబడి ఒక్కో అంకె తెల్లగా తేలింది. ఫోటో తీసుకుని ఆర్‌సీతో, ఇన్సూరెన్స్ కాగితంతో పోల్చుకున్నాను. ఇలా పోల్చడంలో ఇంకో లాభం కూడా ఉంది. సెకండ్‌హ్యాండ్ బండి మీద నంబరుకీ కాగితం మీద నంబరుకీ తేడా ఉంటే అది రీకాల్‌కి మించిన సమస్య, వెంటనే తేల్చుకోవాల్సిందే.

సరైన నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే అడ్వైజర్ రెండు నిమిషాల్లో చెప్పాడు: "ఉంది సార్, రెండేళ్లుగా పెండింగ్‌లో ఉంది, బండి రాలేదు." స్టీరింగ్‌లో సెన్సార్ ఉన్న భాగం మార్చాలట. పార్టు రావడానికి తొమ్మిది రోజులు, పని ఒక పూట. బిల్లు సున్నా. పాత ఓనరుకి ఫోన్ చేస్తే ఆయన పన్ను కాగితాల ఫైల్లో వెతికి కంపెనీ ఉత్తరం ఫోటో వాట్సాప్‌లో పంపారు. ఆయనకి స్టీరింగ్ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు, అందుకని పక్కన పెట్టేశారట.

ఇక మీరు ఎక్కడెక్కడ చూడాలంటే, మొదట కంపెనీ వెబ్‌సైట్. పెద్ద కంపెనీలు చాలావరకు చాసిస్ నంబరు కొట్టి చూసుకునే పేజీ పెట్టాయి. కొన్ని చోట్ల మొదటి మూడు అక్షరాలు వాళ్లే వేసి మిగతా 14 మాత్రం అడుగుతారు. ఆ మూడూ తయారీదారు గుర్తు. మారుతికి సాధారణంగా ఎంఏ3, హ్యుందాయ్‌కి ఎంఏఎల్, టాటాకి ఎంఏటీ, మహీంద్రాకి ఎంఏ1. రెండోది వాహన కంపెనీల సంఘం సియామ్ వెబ్‌సైట్. 2012 జూలై నుంచి కంపెనీలు స్వచ్ఛందంగా ఇచ్చే రీకాళ్ల వివరాలు అక్కడ ఉంటాయి. మోడల్, తయారైన తేదీల మధ్యకాలం చూసి మీ బండి అందులోకి వస్తుందేమో ఒక అంచనాకి రావచ్చు. మీ ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, అవి చూడండి. రిజిస్ట్రేషన్ తేదీ కాదు, ఇక్కడ చాలామంది పొరబడతారు.

మీది 2019 బండి అన్నారు కాబట్టి ఉదాహరణకి చెబుతున్నాను. 2020 జూలైలో మారుతి సుజుకీ వ్యాగన్ ఆర్, బలేనో కలిపి 1,34,885 కార్లని ఫ్యూయల్ పంపు కోసం వెనక్కి పిలిచింది. అందులో ఒక లీటరు ఇంజను వ్యాగన్ ఆర్‌లు 2018 నవంబర్ 15 నుంచి 2019 అక్టోబర్ 15 మధ్య, పెట్రోల్ బలేనోలు 2019 జనవరి 8 నుంచి నవంబర్ 4 మధ్య తయారైనవి. 2021 సెప్టెంబర్‌లో అదే కంపెనీ సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజా, ఎస్-క్రాస్, ఎక్స్‌ఎల్6 పెట్రోల్ కార్లు 1,81,754 పిలిచింది. మోటార్ జనరేటర్ యూనిట్ అనే ఎలక్ట్రికల్ భాగం చూసి అవసరమైతే మార్చడానికి. పార్టు మార్చేదాకా నీళ్లు నిలిచిన చోట్ల నడపొద్దని, ఎలక్ట్రికల్ భాగాల మీద నేరుగా నీళ్లు కొట్టొద్దని అప్పట్లో చెప్పింది. వానాకాలంలో నాగావళి పొంగితే మన వీధుల్లో ఏ మాత్రం నీళ్లు నిలుస్తాయో మీకు తెలుసు. అందుకే రీకాల్ నోటీసులో "ఈలోగా ఏం చేయకూడదు" అనే వాక్యం తప్పకుండా చదవండి.

పాత బండ్లు ఉన్న బంధువులకి కూడా ఒక మాట చెప్పండి. టకాటా కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల్లో వాడిన అమ్మోనియం నైట్రేట్ పేలుడు మందు వేడికి, తేమకి ఏళ్ల తరబడి పాడవుతుంది. అది పేలితే ఇనుప ముక్కలు ముఖం మీదకి వస్తాయి. ప్రపంచమంతటా కోట్ల బండ్లని వెనక్కి పిలిచారు, మన దేశంలోనూ పిలిచారు. ఉప్పుగాలి, ఉక్కపోత ఉన్న మన తీరంలో పాత కారు నడిపేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మూడోది, అన్నిటికన్నా గట్టిది, సర్వీస్ సెంటర్ కంప్యూటర్. వెబ్‌సైట్‌లో రీకాల్ లేదని వచ్చినా అక్కడ "పెండింగ్ క్యాంపెయిన్ ఏమైనా ఉందా?" అని అడగండి, ఆ మాటే వాడండి. కొన్ని మార్పులని కంపెనీలు రీకాల్ అని ప్రకటించవు, సర్వీస్ క్యాంపెయిన్ పేరుతో బండి సర్వీసుకి వచ్చినప్పుడు చేసేస్తాయి. బయట మెకానిక్ దగ్గరే సర్వీసు చేయించుకునేవాళ్లకి ఇవి తెలిసే దారే లేదు. విజయనగరంలో కొన్న బండికి శ్రీకాకుళంలో చేయించుకోవచ్చు, విశాఖలోనూ చేయించుకోవచ్చు. ఆ కంపెనీ అధీకృత సెంటర్ అయితే చాలు. వారంటీ అయిపోయినా, మీరు మూడో ఓనరైనా రీకాల్ పని ఉచితమే. వెళ్లే ముందు పార్టు ఉందో లేదో ఫోన్‌లో కనుక్కోండి, లేకపోతే రోజంతా పోతుంది. జాబ్ కార్డులో (చేసిన పని రాసిచ్చే సర్వీస్ సెంటర్ కాగితం) రీకాల్ పని అని రాయించి కాపీ తీసుకోండి, రేపు బండి అమ్మేటప్పుడు పనికొస్తుంది. రీకాల్ పేరుతో అడ్వాన్సు కట్టమని గానీ ఓటీపీ చెప్పమని గానీ ఫోన్ వస్తే అది మోసం.

రిపేరు సమాచారం సంగతికి వస్తే, ఓనర్ మాన్యువల్ చాలా కంపెనీల సైట్లలో ఉచితంగా దొరుకుతుంది. ఫ్యూజు బాక్సు పటం, ఏ ఆయిల్ ఎంత, ఏ లైటు వెలిగితే అర్థమేమిటి అన్నీ అందులో ఉంటాయి. ఆ పసుపు లైటు అర్థం నా బండి మాన్యువల్‌లో ఉంది, నేనే తెరిచి చూడలేదు. మెకానిక్‌లు వాడే వర్క్‌షాప్ మాన్యువల్ దొరకడం మాత్రం కష్టం. 2014 ఆగస్టులో వ్యాపారాల్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయలకి పైగా జరిమానా వేసింది, విడిభాగాలు, సాంకేతిక సమాచారం బయటి మెకానిక్‌లకి అందకుండా చేస్తున్నారన్నదే అక్కడ ప్రధాన ఆరోపణ. ఆ వ్యవహారం అప్పీళ్లకి వెళ్లింది. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ (రిపేరు హక్కు) పోర్టల్ తెచ్చింది. కార్ల కంపెనీల మాన్యువళ్లు, వారంటీ షరతులు, సర్వీస్ సెంటర్ల వివరాలకి అక్కడినుంచి దారి ఉంది. మీ మోడల్ అమెరికాలో కూడా అమ్ముతుంటే అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కంపెనీ తన డీలర్లకి పంపిన సాంకేతిక సూచనలు కూడా చదవొచ్చు. తేదీలు, నంబర్లు మన బండ్లకి వర్తించవు, లోపం ఎలాంటిదో అర్థం చేసుకోవడానికి మాత్రం పనికొస్తాయి.

చాలామంది చవకగా దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారుకి తగిలిస్తే లోపాల కోడ్‌లు ఫోన్‌లో చూపించే పరికరం) కొంటారు. నేనూ కొన్నాను. ఇంజను కోడ్‌లు బాగానే చూపిస్తుంది, కానీ అలాంటివి చాలావరకు స్టీరింగ్, బ్రేకు, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు చదవలేవు. నాది "లోపాలు లేవు" అని చూపించింది, ఆ వారమే స్టీరింగ్ మళ్లీ బిగుసుకుంది.

రీకాల్ లేదు, లోపం మాత్రం ఉంది అనుకోండి. అప్పుడు కేంద్ర రవాణా శాఖ వాహన్ సైట్‌లోని రీకాల్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, తయారై 7 ఏళ్లు దాటని ఒక మోడల్ బండ్ల మీద భద్రతకి సంబంధించిన ఫిర్యాదులు నిర్ణీత సంఖ్యకి చేరితే ప్రభుత్వమే రీకాల్‌కి ఆదేశించవచ్చు, కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మీ ఫిర్యాదు కూడా ఆ లెక్కలోకి వస్తుంది. మీది 2019 బండి, ఆ ఏడేళ్ల గడువు దాటిపోయిందేమో చూసుకోండి, దాటకపోతే ఆలస్యం చేయకండి. సర్వీస్ సెంటర్ రీకాల్ పనికే డబ్బు అడిగితే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది.

నా బ్యాటరీ డబ్బు, 4,800, తిరిగి రాలేదు. ముందు చేయించిన పనికి బిల్లు ఉందా అని సర్వీస్ సెంటర్‌లో అడిగారు. నేను బిల్లు తీసుకోలేదు. మీరు ఇప్పటికే ఆ లోపం మీద ఏదైనా ఖర్చు పెట్టి ఉంటే ఆ బిల్లు రీకాల్ కాగితంతో పాటే పట్టుకెళ్లండి.