నెబులైజర్‌ను ఆక్సిజన్‌తో నడపొచ్చా?

ప్రశ్న: ఖమ్మం దగ్గర చిన్న నర్సింగ్ హోంలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న 68 ఏళ్ల పెద్దాయనకు ఆయాసం వస్తే రాత్రి ఆక్సిజన్ లైన్‌కే తగిలించి డ్యుయోలిన్ (శ్వాసనాళాలు తెరిచే మందు) నెబులైజేషన్, అంటే మందును పొగలా చేసి పీల్పించడం, ఇచ్చాం. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 98కి వచ్చింది గానీ, మనిషి మత్తుగా అయిపోయి పిలిస్తే సరిగా పలకలేదు. ఇది మందు వల్లేనా? ఆయనకు గ్లకోమా (కంటి ఒత్తిడి పెరిగే జబ్బు) కూడా ఉంది.

జవాబు: సిస్టర్, 98 చూడగానే హమ్మయ్య అనిపిస్తుంది. సీఓపీడీలో మాత్రం ఆ అంకెకే టెన్షన్ పడాలి. ఈ జబ్బున్న కొందరికి ఆక్సిజన్ ఎక్కువైతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మత్తు, తలనొప్పి, చేతుల వణుకు వస్తాయి. కాబట్టి నా అనుమానం మందు మీద కన్నా దాన్ని నడిపిన ఆక్సిజన్ మీదే. మళ్లీ ఇలా అయితే వెంటనే డ్యూటీ డాక్టర్‌ని పిలిచి, ఏబీజీ (ధమని రక్తంలోని వాయువుల పరీక్ష) చేయించండి. కంగారులో ఆక్సిజన్ మొత్తం తీసేయకండి, శాచురేషన్ ఒక్కసారిగా పడిపోతుంది. 88–92 మధ్య నిలిచేలా తగ్గించండి.

ఇలాంటివారికి గాలితో నడిచే కంప్రెసర్ మెషిన్ వాడాలి. అవసరమైతే ముక్కు గొట్టాల ద్వారా కొద్దిగా ఆక్సిజన్ పక్కన ఇవ్వొచ్చు. మెషిన్ లేకపోతే ఆక్సిజన్‌తోనే ఇవ్వండి, 6 నిమిషాలు దాటనివ్వకండి. తీవ్రమైన ఆస్తమా ఎటాక్‌లో మాత్రం ఆక్సిజన్‌తో నడపడమే మంచిది. రెండు జబ్బులకూ ఒకే అలవాటు పాటించడం వల్లే వార్డుల్లో ఈ చిక్కు.

గ్లకోమా సంగతి రాసి మంచి పని చేశారు. డ్యుయోలిన్‌లో ఇప్రట్రోపియం ఉంటుంది. మాస్క్ పైఅంచు వదులుగా ఉంటే ఆ పొగ కళ్లలోకి వెళ్లి కంటి ఒత్తిడి పెంచవచ్చు. ఆయనకు మౌత్‌పీస్‌తో ఇవ్వండి. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, లైటు చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయన్నా డాక్టర్‌కి చెప్పండి.

మిగతావి మీకు తెలిసినవే. ఇచ్చే ముందు, తర్వాత పల్స్ చూడండి, సాల్బుటమాల్ రకం మందులకు గుండె దడ మామూలే. మందు పలచన చేయాలంటే నార్మల్ సెలైన్ మాత్రమే, డిస్టిల్డ్ వాటర్ వద్దు. ప్లాస్టిక్ రెస్ప్యూల్స్ (నెబులైజర్ మందు ఉండే చిన్న గొట్టాలు) చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి, నైట్ డ్యూటీలో లేబుల్ లైటు కింద పెట్టి చదవండి. బుడెసొనైడ్ (పీల్చే స్టెరాయిడ్ మందు) ఇచ్చాక నోరు పుక్కిలించి, ముఖం తుడవాలి. రోటాక్యాప్‌ను (పొడి మందును పీల్చడానికి ఇచ్చే క్యాప్సూల్) మాత్ర అనుకుని నీళ్లతో మింగేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, డిశ్చార్జ్ రోజు ఒకసారి మీ ఎదుటే పీల్పించి పంపండి.