చిలుక మెదడులో ముడతలు లేవు, మరి మాటలు ఎలా వస్తాయి?

చిలుక మెదడు నున్నగా ఉంటుంది, మనలాంటి ఆరు పొరల కార్టెక్స్ (మెదడు పైపొర) ఉండదు, మరి మాటలెలా నేర్చుకుంటుందని అడిగారు. సరిగ్గా ఈ విషయంలోనే నేనొకసారి పప్పులో కాలేశాను.

పీజీ ప్రాజెక్టులో, జబ్బుతో చనిపోయిన ఒక బడ్జీ (పెంపుడు చిన్న చిలుక) మెదడు నా చేతికొచ్చింది. చిక్కుడు గింజంత ఉంటుందేమో. ముందు రెండు నున్నటి అర్ధగోళాలు, కింద పక్కలకి చూపుకు సంబంధించిన ఆప్టిక్ లోబులు. మడతలు కనిపించింది వెనకున్న సెరిబెల్లం (చిన్నమెదడు)లోనే. పల్చగా సెక్షన్లు కోసి, కణాలకు ఊదారంగు పట్టించే క్రెసిల్ వయొలెట్ వేసి, ఎలుక మెదడులో చూసిన పొరల కోసం వెతికాను. లేవు. అంతటా ఊదారంగు చుక్కలే, గుంపులు గుంపులుగా. స్టెయిన్ పాడైందనుకుని మళ్లీ మొదటి నుంచి చేశాను. మళ్లీ అంతే! మా గైడ్ చూసి నవ్వారు: "స్టెయిన్ బాగానే ఉంది. నువ్వే చిలుకలో ఎలుకను వెతుకుతున్నావు."

పాత పుస్తకాలదీ అదే పొరపాటు. పక్షి ముందరి మెదడంతా స్ట్రియాటమే (మన మెదడు లోపల, కార్టెక్స్ కింద ఉండే భాగం) అనుకుని, నియోస్ట్రియాటం లాంటి పేర్లు పెట్టారు. అది నిజానికి మన కార్టెక్స్ లాగే పాలియం (ముందరి మెదడు పైభాగం) నుంచి వచ్చిన భాగమని ఒప్పుకుని 2004లో నిడోపాలియం అని మార్చారు. నా దగ్గరున్న అట్లాస్‌లో ఇంకా పాత పేర్లే. ఆ తికమక పగవాడికి కూడా వద్దు.

అసలు కిటుకు కణాల సాంద్రతలో ఉంది. మెదడును కరిగించి ద్రవంలా చేసి, అందులోని కణకేంద్రకాలను లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. 2016లో వచ్చిన ఆ లెక్కల్లో, సుమారు 20 గ్రాముల నీలి-పసుపు మకావ్ మెదడులో పాలియంలోనే దాదాపు 190 కోట్ల న్యూరాన్లు తేలాయి. రీసస్ కోతి మెదడు అంతకు మూడు రెట్లకు పైనే బరువుంటుంది, కానీ దాని పాలియంలో ఉన్నవి 170 కోట్లే. చిన్న కణాలు, కిక్కిరిసి ఉంటాయి.

ఇక మాటలు. నిడోపాలియంలోని ఒక కణాల గుంపు పాలియంలోనే మరో భాగమైన ఆర్కోపాలియంలోని ఇంకో గుంపుకి, అది బ్రెయిన్‌స్టెమ్‌కి (మెదడు కాండానికి), అక్కడి నుంచి నరం ద్వారా శ్వాసనాళం అడుగున ఉండి స్వరం పుట్టించే సిరింక్స్ కండరాలకి సంకేతం వెళ్తుంది. పాడే పిట్టల్లోనూ ఇలాంటి దారి ఉంది. చిలుకల్లో మాత్రం ఆ గుంపుల చుట్టూ 'షెల్' అనే అదనపు వలయం ఉందని 2015లో తేలింది. చిలుకల్లో చాలా పాత శాఖకు చెందిన న్యూజిలాండ్ కియాలోనూ దాని ఆనవాలుంది. మీకెప్పుడైనా స్లైడ్ దొరికితే, మామూలు స్టెయిన్‌లో ఆ షెల్ హద్దు కోసం కళ్లు పాడుచేసుకోకండి. ఏ కణాల్లో ఏ జన్యువు చురుగ్గా ఉందో చూశాకే అది బయటపడింది.