దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్ళేటప్పుడు

కవిటి,
ఆదివారం సాయంత్రం

అమ్మా చిన్నీ,

నీకూ అల్లుడుగారికీ ప్రభువు పేరట వందనాలు. మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. బొబ్బిలి దగ్గర మీ సంఘంలో కొడుకుని పోగొట్టుకున్న ఆ తల్లి నీ చెయ్యి పట్టుకుని "దేవుడు ఎందుకిలా చేశాడమ్మగారూ" అని అడిగితే నోరు పెగల్లేదన్నావు. పాస్టరు భార్యనై ఉండి ఒక్క వాక్యమైనా చెప్పలేకపోయానని ఏడ్చావు. ఆ రోజు నీకు మాట రాకపోవడమే మేలైంది తల్లీ. ఎందుకంటున్నానో తెలియాలంటే మీ పెదనాన్న సంగతి కొంత చెప్పాలి.

ఆయనకి కిడ్నీలు పాడయ్యాయని 2016లో తెలిసింది. మన శ్రీకాకుళం ఉద్దానంలో ఇది కొత్త మాటేం కాదు. సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్ళినా ఈ జబ్బుతో మనిషిని పోగొట్టుకున్న ఇల్లు కనబడుతుంది. నీళ్ళన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళు మాత్రం కారణం చెప్పకుండా లేచేవారు కాదు. దశమభాగం, అంటే సంపాదనలో దేవునికిచ్చే పదో వంతు, సరిగ్గా ఇస్తున్నారా అని ఒకరు, ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోండి అని ఇంకొకరు. వాళ్ళు వెళ్ళాక మీ పెదనాన్న గోడవైపు తిరిగి పడుకునేవారు. బైబిల్లో సిలోయము అనే చోట గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులని అనుకోవద్దని యేసుప్రభువే చెప్పారు కదా. ఆ మాట మనవాళ్ళకి ఎందుకు గుర్తుకు రాదో నాకు ఇప్పటికీ బాధే.

ఇక తిత్లీ తుఫాను సంగతి. 2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున తీరం దాటింది. ఆ రోజే ఆయనకి డయాలసిస్ ఉంది. తెల్లారి చూస్తే మన తోటలో నిలబడి ఉన్న కొబ్బరిచెట్లు నాలుగంటే నాలుగు. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. రోడ్డు ఎక్కడుందో తెలియలేదు. కరెంటు లేదు, మోటార్లు ఆగిపోయాయి, తాగడానికి చుక్క నీళ్ళు లేవు. మా వీధి వీధంతా పడిపోయిన చెట్ల బొండాలు కొట్టుకుని తాగింది. పిల్లలకీ ముసలివాళ్ళకీ ఆ నీళ్ళే. మీ పెదనాన్న ఒక్కరికే అవి పనికిరావు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయనివాళ్ళ ఒంట్లో అది పేరుకుపోతే గుండె ఆగిపోవచ్చు. పక్కింటి పిల్లాడు ప్రేమగా కొట్టి తెచ్చిన బొండాన్ని ఆయన నోటిదాకా వెళ్ళాక నేను లాక్కున్నాను. ఆయన పెదాలు ఎండిపోయి పొట్టు లేచి ఉన్నాయి. ఏమీ అనలేదు, చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

శుక్రవారం సాయంత్రానికి కాళ్ళు ఉబ్బాయి. పడుకుంటే ఆయాసం, కూర్చోబెడితే నీరసం. శనివారం పొద్దున్నే వీధి కుర్రాళ్ళు గొడ్డళ్ళు, రంపాలు పట్టుకుని వచ్చారు. వాళ్ళలో మన సంఘం పిల్లాడు ఒక్కడే, మిగతావాళ్ళంతా అమ్మవారికి మొక్కే ఇళ్ళవాళ్ళు. చెట్టు నరకడం, బండి ముందుకు నెట్టడం, మళ్ళీ ఇంకో చెట్టు. బండి మీద ముందొకడు, వెనకొకడు, మధ్యలో తువ్వాలుతో కట్టుకున్న మీ పెదనాన్న. జనరేటరు మీద డయాలసిస్ మిషన్ నడుస్తున్న చోటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ తర్వాత ఆయన ఇంకో పదమూడు నెలలు నాతో ఉన్నారు.

ఆ వారంలోనే ఒక దైవసేవకుడు వచ్చి, కూలిపోయిన తోటలో నిలబడి, దేవుడు మిమ్మల్ని కొలిమిలో వేసి శుద్ధి చేస్తున్నాడని చెప్పి ప్రార్థన చేసి వెళ్ళారు. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ రెండేళ్ళపాటు నాకు బైబిల్లో ఆ వాక్యం ఉన్న పేజీ తెరవాలంటే చెయ్యి వచ్చేది కాదు. ఆలోచించి ఆలోచించి చివరికి ఇది తెలుసుకున్నాను. వీధిని బతికించిన నీళ్ళే మీ పెదనాన్న ప్రాణం తీసి ఉండేవి. నీళ్ళలో దోషం ఏముంది? వాక్యమూ అంతే చిన్నీ. మంచిదే కదా అని చేతికందినది పోసెయ్యకు. తాగే మనిషి ఏ స్థితిలో ఉన్నాడో ముందు చూడు.

యోసేపు, తనని గోతిలో పడేసి అమ్మేసిన అన్నలతో, మీరు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుకు తిప్పాడు అన్నాడు. గోతిలో ఉండగా అన్నాడా? చెరసాలలో అన్నాడా? ఎన్నో ఏళ్ళు గడిచి, కన్నతండ్రిని సమాధి చేసి వచ్చాక అన్నాడు. అదీ తన నోటితో తనే అన్నాడు. గోతి ఒడ్డున నిలబడి ఎవరైనా కిందికి తొంగిచూస్తూ ఆ మాటే అని ఉంటే ఎంత క్రూరంగా ఉండేదో ఆలోచించు. ఆ శనివారం గొడ్డళ్ళ చప్పుడులో దేవుని చెయ్యి ఉందని ఇవాళ నేను సంఘంలో నిలబడి సాక్ష్యం చెబుతాను. అలా చెప్పగలగడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఆ తల్లికి ఎన్నేళ్ళు పడుతుందో మనం లెక్క కట్టకూడదు.

అందుకని మొదటి రోజు వెళ్ళినప్పుడు ఆమె పక్కన నేల మీద కూర్చో. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు పక్కన అతని స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నోరు విప్పకుండా అలాగే కూర్చున్నారు, వాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే. ఎందుకిలా అయిందని అడిగితే "నాకూ తెలీదమ్మా" అను. నీకు నిజంగానే తెలీదు కదా. చనిపోయిన లాజరుని లేపబోతున్నానని తెలిసి కూడా సమాధికి వెళ్ళే ముందు ప్రభువు కన్నీళ్ళు పెట్టుకున్నారు. నువ్వు ఏడ్చినా తప్పులేదు. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి పిల్లలు తిన్నారో లేదో చూడు, ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళు. ప్రార్థన చేయమంటే రెండు నిమిషాల్లో ముగించు, పోయినవాళ్ళని పేరు పెట్టి తలుచుకో. ప్రార్థనకని కళ్ళు మూసుకున్నవాళ్ళకి ఆ పేరుతో ప్రసంగం చేయొద్దు. హిందువుల ఇంటికి వెళ్తే వాళ్ళు అడిగితే తప్ప ప్రార్థన కూడా వద్దు, పని అందుకో చాలు.

జబ్బు మనిషి ఉన్న ఇంటికైతే పళ్ళు, బొండాలు కొనేముందు ఏం తినొచ్చో ఇంట్లోవాళ్ళని అడుగు. కొలత ప్రకారం నీళ్ళు తాగే మనిషి ఎదురుగా చెంబెడు నీళ్ళు ఎత్తి తాగకు. డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చేతిని పట్టుకుని ఊపకు. మీ పెదనాన్న ఒకసారి నా వేళ్ళు తీసుకుని దానిమీద పెట్టించారు. గుప్పిట్లో తేనెటీగను మూసి పట్టుకున్నట్టు చర్మం కింద జుమ్మని అదురుతోంది. "ఇది ఆగిపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. రోజూ లేవగానే తాకి చూసుకుని స్తోత్రం చెప్పుకుంటాను" అన్నారు. మనిషి బతుకు గడ్డిపువ్వులాంటిదని కీర్తనల్లో ఎన్నిసార్లు చదివానో. నా వేళ్ళకి తెలిసింది మాత్రం ఆ పూటే.

ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. విశ్వాసం ఉంటే డయాలసిస్ మానేయండి అని ఎవరైనా అంటే, ఎంత పెద్ద బోధకుడైనా సరే, అల్లుడుగారి చేత అక్కడికక్కడే అడ్డు చెప్పించు. మిషన్ కూడా దేవుని కృపే.

పోయినవాళ్ళ ఇంట్లో పెట్టే ఆదరణ కూడిక అయిపోయి బంధువులు బస్సెక్కాకే అసలు బరువు మొదలవుతుంది. నీ అవసరం అప్పుడు ఉంటుంది. నేనొక నోట్‌బుక్కులో ఎవరు ఏ తేదీన కన్నుమూశారో రాసుకుంటాను, నెలకీ ఏడాదికీ తప్పకుండా వెళ్తాను. ఇది నాకు నేర్పింది మా ఎదురింటావిడ. మీ పెదనాన్న పోయిన నెలన్నర తర్వాత ఒక సాయంత్రం గిన్నెలో వంకాయ కూర తెచ్చి, "ఒక్కద్దానివే తింతన్నావేటి?" అని నా పక్కన అరుగు మీద కూర్చుంది. చీకటి పడేదాకా కదల్లేదు. ఆమె ఏ వాక్యమూ చదవలేదు. దేవుడు నన్ను మరిచిపోలేదని నాకు నమ్మకం కుదిరింది ఆ సాయంత్రమే.

ఈ వారంలో వీలు చూసుకుని ఆ తల్లి దగ్గరికి మళ్ళీ వెళ్ళు. అబ్బాయి ఫోటో చూపించమని అడుగు, వాడికి ఏం ఇష్టమో చెప్పించుకో. బస్సులో జీడిపప్పు పంపిస్తున్నాను, తిత్లీ తర్వాత నాటిన చెట్ల కాపు. సగం మీకు, సగం ఆవిడకి.

మీ పెద్దమ్మ