రక్తంలో ఫోలేట్ నిండుగా ఉన్నా రక్తహీనత ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: నా వయసు 54. పదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మూడు నెలల కిందట బాగా నీరసంగా ఉంటే పరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ 8.6 అని వచ్చింది. తెలిసినవాళ్లు చెప్పారని రోజుకొకటి చొప్పున 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ (ఫోలేట్ విటమిన్) మాత్ర వేసుకుంటున్నాను. హిమోగ్లోబిన్ 9.8కి పెరిగి అక్కడే ఆగిపోయింది. ఎంసీవీ (ఎర్రకణాల సగటు సైజు) 112 ఉంది. సీరమ్ ఫోలేట్, అంటే రక్తంలోని ఫోలేట్ మాత్రం 20 దాటిందట. ఈ మధ్య అరికాళ్లలో తిమ్మిర్లు కూడా మొదలయ్యాయి. ఇంత ఫోలేట్ ఉండి ఒంటికి ఎందుకు పట్టడం లేదు? మోతాదు పెంచాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మోతాదు పెంచకండి. ఈ వారంలోనే విటమిన్ బి12 పరీక్ష చేయించుకోండి. మీ ఉత్తరం చదవగానే నా అనుమానం దాని మీదికే పోయింది. ‘ఒంటికి పట్టడం’ అన్నారు చూశారా, అసలు తిరకాసు అక్కడే ఉంది. రక్తంలో తిరిగే ఫోలేట్ వేరు, కణంలో నిలబడే ఫోలేట్ వేరు.

ఆహారంలోని ఫోలేట్‌కు గ్లుటమేట్ అనే చిన్న ముక్కలు గొలుసులా తగులుకుని ఉంటాయి. ఆ గొలుసుతో అది పేగు గోడ దాటలేదు. చిన్నపేగు లోపలి అంచున ఉండే ఒక ఎంజైమ్ వాటిని కత్తిరించి ఒక్క ముక్కనే మిగులుస్తుంది. అప్పుడు పీసీఎఫ్‌టీ అనే రవాణా ప్రొటీన్ దాన్ని లోపలికి తీసుకుంటుంది. చిన్నపేగు మొదటి భాగంలో కాస్త ఆమ్లగుణం ఉంటుంది, ఈ ప్రొటీన్ బాగా పనిచేసేది అక్కడే. దీన్ని 2006లో గానీ గుర్తించలేదు. మీకు ఈ మెట్టు దగ్గర ఇబ్బందేమీ లేదు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 400 మైక్రోగ్రాములు. మీరు వేసుకుంటున్నది దానికి పన్నెండు రెట్ల పైనే. అంత మోతాదులో కొంత ఏ ప్రొటీన్ సాయమూ లేకుండానే ఇంకిపోతుంది.

రక్తంలోకి చేరాక ఫోలేట్ ఎక్కువగా మిథైల్ అనే ఓ చిన్న రసాయన ముక్క తగిలిన రూపంలో తిరుగుతుంది. దాన్ని లోపలికి చేరవేయడానికి దాదాపు అన్ని కణాల మీదా ఆర్‌ఎఫ్‌సీ అనే మరో ప్రొటీన్ ఉంటుంది. కిడ్నీ, గర్భంలోని మావి లాంటి చోట్ల ఫోలేట్ రిసెప్టర్లు కూడా ఉంటాయి. చాలా కొద్ది ఫోలేట్ కనిపించినా ఇవి గట్టిగా పట్టుకుని, కణపొరతో సహా లోపలికి లాక్కుంటాయి. కిడ్నీలో ఇవి లేకపోతే వడపోతలో పడ్డ ఫోలేట్ చాలావరకు మూత్రంలో పోయేది.

అయితే లోపలికి వచ్చినంత మాత్రాన ఉండిపోవాలని లేదు, తిరిగి బయటికీ పోగలదు. అందుకని పేగులో కత్తిరించిన ఆ గ్లుటమేట్ గొలుసునే కణం మళ్లీ తగిలిస్తుంది. చదువుకునే రోజుల్లో నాకు ఇది వింతగా ఉండేది, అక్కడ కత్తిరించడమెందుకు, ఇక్కడ అతికించడమెందుకని. గొలుసు పడ్డ ఫోలేట్ కణం దాటి పోలేదు. దానితో పనిచేసే ఎంజైమ్‌లకూ అది బాగా చిక్కుతుంది. గొలుసు విప్పే ఎంజైమ్ వేరే ఉంది. ఒకటి తగిలిస్తుంటే ఇంకొకటి విప్పుతుంటుంది. కణంలో నిల్వ ఎంతన్నది చాలావరకు ఈ రెండింటి మధ్యే తేలుతుంది. ఇవి చాలవన్నట్టు, ఫోలేట్ కొరత వస్తే పేగులో రవాణా ప్రొటీన్ల సంఖ్య కూడా పెరుగుతుంది. (కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ కూడా ఫోలేట్ దారిలోనే కణంలోకి వెళ్లి, అదే గొలుసు తగిలించుకుని రోజుల తరబడి ఉండిపోతుంది. దాన్ని వారానికి ఒక్కసారే ఇవ్వడానికి ఇదొక కారణం. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.)

ఇక బి12 సంగతి. గొలుసు తగిలించే ఎంజైమ్‌కు మిథైల్ ఫోలేట్ ఒక పట్టాన కొరుకుడు పడదు. ముందు ఆ మిథైల్ ఊడాలి. ఆ పని చేసే ఎంజైమ్‌కు బి12 తప్పనిసరి. అది లేకపోతే మిథైల్ ఫోలేట్ కణంలోకి వచ్చినా గొలుసు పడక మళ్లీ రక్తంలోకి జారుకుంటుంది. రిపోర్టులో ఫోలేట్ నిండుగా కనబడుతుంది, కణంలో మాత్రం కరువు. దీన్ని మేం ‘ఫోలేట్ ట్రాప్’ అంటాం. అప్పుడు డీఎన్‌ఏ తయారీ కుంటుపడుతుంది. మూలుగలో ఎర్రకణాలు వేళకు విభజన చెందక పెద్ద సైజులో తయారవుతాయి. ఎంసీవీ మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉండాలి, మీది 112.

మరి మాత్రలతో హిమోగ్లోబిన్ కొంచెమైనా ఎలా పెరిగింది అంటారేమో. మాత్రలో ఉండే ఫోలిక్ యాసిడ్‌కు మిథైల్ ఉండదు. అది వేరే దారిలో, బి12తో పని లేకుండానే కొంతవరకు పనికొచ్చే రూపంలోకి మారుతుంది. దాంతో రక్తం కాస్త కోలుకుంటుంది. కానీ నరాలకు కావలసిన బి12 పని ఫోలిక్ యాసిడ్ చేయలేదు. రక్తం బాగుపడుతోందని మనం ధీమాగా ఉంటే కింద నరాలు దెబ్బతింటూ పోతాయి. మీ తిమ్మిర్లు చూసి నాకు కంగారు పుట్టింది ఇందుకే. షుగర్ వల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి, నిజమే. కానీ షుగర్ ఎంసీవీని 112కి తీసుకెళ్లదు. మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడితే బి12 సరిగా ఇంకదన్నది తెలిసిన విషయమే.

సీరమ్ ఫోలేట్‌ను చూసి భరోసా పడొద్దు. అది నిన్నా మొన్నా తిన్నదాన్ని, మింగిన మాత్రను చూపిస్తుంది. ఎర్రకణాల్లోని ఫోలేట్ పరీక్ష వేరు. కణం మూలుగలో తయారయ్యేటప్పుడే ఫోలేట్ నింపుకుంటుంది, ఆ తర్వాత 120 రోజులూ దాంతోనే గడుపుతుంది. కాబట్టి అది గడిచిన నెలల లెక్క చెబుతుంది. మీకు మాత్రం ఇప్పుడు అదంత అవసరం లేదు.

బి12తో పాటు హోమోసిస్టీన్, మిథైల్‌మలోనిక్ యాసిడ్ కూడా చూడమని మీ డాక్టర్‌ను అడగండి. ఫోలేట్ లోపంలో హోమోసిస్టీన్ ఒక్కటే పెరుగుతుంది, బి12 లోపంలో సాధారణంగా ఈ రెండూ పెరుగుతాయి. థైరాయిడ్, లివర్ పరీక్షలు కూడా ఉంటే మంచిది, ఎంసీవీ వాటివల్లా పెరగొచ్చు. నరాల లక్షణాలున్నాయి కాబట్టి మీరు పరీక్షకు రక్తం ఇచ్చాక, రిపోర్టులు వచ్చేలోపే బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టే అవకాశముంది. బి12 లోపమే అయితే రక్తం కొన్ని వారాల్లో కోలుకుంటుంది, తిమ్మిర్లు తగ్గడానికి నెలలు పడుతుంది. మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపొద్దు. రక్తం ఇచ్చేదాకా బీ కాంప్లెక్స్ మాత్రలు ముట్టుకోకండి, రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతో పాటు ఇప్పుడు వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.